చివరి 5 కిలోమీటర్ల కోసం 14 వారాలు

మొదలుపెట్టే ముందు రోజు

హాఫ్ మారథాన్‌లో నా అత్యుత్తమ సమయం 2:06:48. పోయిన సీజన్‌లో పరుగెత్తింది. ఆ అంకె గుర్తొచ్చినప్పుడల్లా నాకు వేగం చాలదనే అనుకుంటూ వచ్చాను. నిన్న రాత్రి కూర్చుని, ఆ రోజు ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర వాచీలో నొక్కిన ల్యాప్‌లన్నిటినీ నోటుపుస్తకంలోకి ఎక్కించాను. మూడు ముక్కలుగా కూడితే ఇలా వచ్చింది.

మొదటి 10 కి.మీ.: 57:10. కిలోమీటరుకు 5:43.
10 నుంచి 16 వరకు: 36:00. కిలోమీటరుకు 6:00.
మిగిలిన 5.0975 కి.మీ.: 33:38. కిలోమీటరుకు 6:36.

21.0975 కిలోమీటర్లను రెండు గంటల్లో పూర్తి చేయాలంటే కిలోమీటరుకు సగటున 5:41 పడాలి. ఆ రోజు మొదటి 10 కిలోమీటర్లలో నేను పరుగెత్తింది 5:43లో! అదే వేగాన్ని చివరిదాకా నిలుపుకొని ఉంటే 2:00:36కు పూర్తయ్యేది. పోయిన 6 నిమిషాల 12 సెకన్లలో నాలుగున్నర నిమిషాలు చివరి 5 కిలోమీటర్లలోనే పోయాయి. అంటే నాకు కావలసిన వేగం నా కాళ్లలో అప్పటికే ఉంది. లేనిది నిలకడ. ఆరంభశూరత్వం అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2019 అక్టోబరులో ఎలియుడ్ కిప్‌చోగె వియన్నాలో పూర్తి మారథాన్ దూరాన్ని 1:59:40లో ముగించాడు. మార్చుకుంటూ వచ్చిన పేసర్ల (పక్కన పరుగెత్తి వేగాన్ని నిలబెట్టేవారి) బృందాలు, ముందు నడిచిన కారు ఉన్నందువల్ల దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించరు. నేను అందుకోవాలనుకుంటున్న సమయంలో ఆయన రెట్టింపు దూరం వెళ్లాడన్నమాట. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ వేగం కాదు, ఆ సమత. కిలోమీటర్లన్నీ 2:48కి, 2:52కి మధ్యే పడ్డాయి. మొదటిదానికీ చివరిదానికీ తేడా కనిపించదు.

కాబట్టి ఈ ప్రాజెక్టు లక్ష్యం రెండు గంటల లోపు. చేతిలో 14 వారాలున్నాయి. ఏ రోజు సాధన రాసుకున్నా ముందు ఒకటే అడగాలి: ఇది 16వ కిలోమీటరు తరువాత నాకు పనికొస్తుందా?

1వ వారం, 28 కి.మీ.

వారానికి నాలుగు పరుగులు. మంగళవారం కష్టమైనది, గురు, శనివారాలు తేలికవి, ఆదివారం పొడవైనది. ఆదివారాలు నీళ్ల సీసాలతో సైకిల్ మీద పక్కన వస్తానని అక్క మాటిచ్చింది.

పాత నోటుపుస్తకం తిరగేస్తే ఇంకో తప్పు బయటపడింది. పోయిన ఏడాది దాదాపు ప్రతి పరుగూ 6:05 నుంచి 6:15 మధ్యే ఉంది. తేలికగా పరుగెత్తాల్సిన రోజున అది ఎక్కువ, కష్టపడాల్సిన రోజున తక్కువ. రోజూ అలసటే, ఏ రోజూ పూర్తి ఫలితం లేదు. ఇకపై తేలిక రోజులు నిజంగా తేలికగా ఉండాలి. నెమ్మదిగా, ఎక్కువ సేపు పరుగెత్తితే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుని గ్లైకోజన్‌ను, అంటే కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థాన్ని, పొదుపు చేస్తుంది. చివరి 5 కిలోమీటర్లకు మిగలాల్సింది ఆ గ్లైకోజనే.

ఆదివారం 10 కి.మీ., 6:52 వేగంతో. దారి పొడవునా అక్కతో మాట్లాడుతూనే ఉన్నాను.

"అక్కా, ఇది మరీ నెమ్మది కాదూ?"

"పూర్తి వాక్యం ఆయాసం లేకుండా అన్నావు కదా. సరిపోయింది, ఇలాగే రా."

2వ వారం, 31 కి.మీ.

మంగళవారం 30 నిమిషాల పరీక్ష. బాగా ఒళ్లు వేడెక్కించుకున్నాక, ఒంటరిగా, 30 నిమిషాలూ నిలబెట్టుకోగలిగిన అత్యధిక వేగంతో పరుగెత్తాలి. చివరి 20 నిమిషాల సగటు గుండె వేగాన్ని థ్రెషోల్డ్‌కు, అంటే ఎక్కువ సేపు నిలుపుకోగలిగిన శ్రమకు పై హద్దుకు, దగ్గరి అంకెగా తీసుకుంటారు. నాకు నిమిషానికి 171 వచ్చింది. దూరం 5.52 కి.మీ., కిలోమీటరుకు 5:26. దీన్నిబట్టి తేలిక పరుగుల్లో గుండె వేగం 150 దాటకూడదని గీత గీసుకుని, వాచీలో అలారం పెట్టాను.

3వ వారం, 35 కి.మీ.

అలారం ఊరుకోవడం లేదు. చిన్న ఎత్తు ఎక్కినా మోగుతోంది. మోగిన ప్రతిసారీ నడిచాను. గురువారం 8 కిలోమీటర్లలో ఐదుసార్లు నడవాల్సి వచ్చింది. సగటు గుండె వేగం 148, సగటు 7:02. ఈ రెండు అంకెలనూ ఎర్ర సిరాతో రాసి ఉంచుతున్నాను. ఇదే దారిలో, ఇదే 148తో, కొన్ని వారాల తరువాత ఎంత వస్తుందో చూడాలి. శిక్షణ పనిచేస్తోందా లేదా అన్నది నాకు చెప్పగలిగింది ఇదొక్కటే. ఒళ్లు బాగుందనో బాగాలేదనో అనిపించడాన్ని నేను అంతగా నమ్మను. ఆ ముందు రాత్రి నిద్రనుబట్టి అది మారిపోతుంది.

4వ వారం, 26 కి.మీ.

కావాలనే తగ్గించిన వారం. రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

5వ వారం, 38 కి.మీ.

తొలి థ్రెషోల్డ్ సాధన: 10 నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో 2 నిమిషాల నెమ్మది పరుగు. వేగం 5:27, 5:26, 5:28. మూడోదానిలో ఏడో నిమిషం దగ్గర ఊపిరి శబ్దం మారింది. అప్పటిదాకా మూడు అడుగులకు ఒకసారి తీస్తున్న శ్వాస రెండు అడుగులకు ఒకటైంది. ఆ మార్పు దగ్గరే ఉండిపోవడం, దాన్ని దాటకపోవడం ఈ సాధనలోని అసలు పని.

లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి మర్నాడు కాళ్లు నొప్పి పెడతాయని చాలాకాలం నమ్మాను. అది నిజం కాదు. పరుగు ఆగిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. పైగా లాక్టేట్ వ్యర్థమూ కాదు, గుండె, కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి నొప్పికి కారణం కండర తంతువుల్లో జరిగే సూక్ష్మమైన నష్టం. థ్రెషోల్డ్ అంటే లాక్టేట్ తయారయ్యే వేగం, దాన్ని శరీరం వాడుకునే వేగం సరిసమానంగా ఉండే చివరి హద్దు. ఆ హద్దు పైకి జరిగితే 5:41 వేగం దానికి ఇంకాస్త దిగువన పడుతుంది. దిగువన పడిన మేరకు ఎక్కువ సేపు నిలుస్తుంది. సాధన వెనకున్న కారణం తెలిశాక మంగళవారాలంటే భయం తగ్గింది.

సంతోషంలో గురువారం ఎత్తు పరుగులు ఎనిమిది, శనివారం 20 సెకన్ల వేగపు పరుగులు ఆరు కలిపేశాను. ఈ రెండూ ప్రణాళికలో లేవు.

6వ వారం, 29 కి.మీ.

సోమవారం ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే కుడి మడమ పైన పట్టేసింది. పది అడుగులు వేశాక సర్దుకుంది. మంగళవారం ఇరవై అడుగులు పట్టింది. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్‌ను రెండు వేళ్ల మధ్య నొక్కి చూశాను. మడమ ఎముక అతుక్కునే చోట ఏమీ లేదు. అక్కడి నుంచి నాలుగు వేళ్ల పైన, తాడులా సన్నగా ఉండే చోట, ఒక్క బిందువు దగ్గర మాత్రం చురుక్కుమంది. ఎడమ కాలితో పోల్చి చూస్తే అక్కడ కొంచెం లావుగా కూడా తగిలింది.

కారణం వెతకాల్సిన పని లేదు, పైనే రాసి ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, వేగంగా పరుగెత్తేటప్పుడూ ఆ టెండన్ మీద భారం ఎక్కువగా పడుతుంది. ఒకే వారంలో రెండింటినీ కొత్తగా చేర్చాను. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి, టెండన్‌కు నెలలు పడుతుంది. దానికి రక్తప్రసరణ తక్కువ.

బుధవారం ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాను. చిరుగు లేదన్నారు. పూర్తి విశ్రాంతి అవసరం లేదు, ఎత్తులు, వేగపు పరుగులు మానేయాలి, మెట్టు మీద వ్యాయామం చేయాలి. స్వీడన్‌కు చెందిన హకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను మెట్టు కిందికి మెల్లగా దించాలి. పైకి లేవడానికి రెండో కాలు వాడాలి. మోకాలు తిన్నగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, మోకాలు వంచి మరో మూడుసార్లు. రోజుకు రెండు పూటలా. మొత్తం 180. ఇలా 12 వారాలు.

12 వారాలు! పోటీకి ఉన్నవే ఎనిమిది. అయినా మొదలుపెట్టాను.

7వ వారం, 30 కి.మీ.

పరుగులన్నీ తేలికవే. మంగళవారం థ్రెషోల్డ్ సాధనను అక్క సైకిల్ మీద చేశాను, 12 నిమిషాల చొప్పున మూడుసార్లు. సైకిల్ మీద నా గుండె వేగం 160 దాటలేదు, తొడలు ముందే అలసిపోయాయి. అయినా ఊపిరి పని ఊపిరికి దొరికింది.

ఉదయం బిగుతు ఎన్ని అడుగులకు సడలుతుందో రోజూ రాసుకున్నాను: 20, 22, 15, 15, 12, 10, 8. ఈ వారం నాకు ధైర్యమిచ్చినవి ఈ ఏడు అంకెలే. మెట్టు మీద మడమ దిగుతున్నప్పుడు మొదట్లో సన్నగా లాగినట్లు ఉండేది. పర్లేదు, నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటికి పెరగకుండా ఉంటే కొనసాగించవచ్చన్నారు. దాటలేదు.

8వ వారం, 36 కి.మీ.

ఫిజియో అనుమతితో 10 కి.మీ. పోటీలో పరుగెత్తాను. 54:10. పాత సమయం 55:02.

ఒక దూరంలో వచ్చిన సమయాన్నిబట్టి మరో దూరంలో ఎంత రావచ్చో అంచనా వేయడానికి ఇంజినీరు పీట్ రీగెల్ 1977లో ఒక సూత్రం ఇచ్చాడు. రెండు దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి తీసుకెళ్లి, తెలిసిన సమయంతో గుణించాలి. 10 కిలోమీటర్ల నుంచి హాఫ్‌కు అది 2.206 రెట్లు. 54:10కి 1:59:31 వస్తుంది. రెండు గంటల లోపే!

ఆ అంకె చూసి మురిసిపోయే ముందు పాతదాన్ని కూడా అదే సూత్రంలో వేసి చూశాను. 55:02కి 2:01:25 రావాలి. నాకు వచ్చింది 2:06:48. సూత్రంలో తప్పు లేదు. ఆ దూరానికి తగిన శిక్షణ ఉందని అది ముందే అనుకుంటుంది. అప్పుడు నా శిక్షణ 10 కిలోమీటర్లకే సరిపోయింది. మిగిలిన ఐదు నిమిషాల 23 సెకన్లు ఆదివారాల్లోనే సంపాదించాలి.

9వ వారం, 42 కి.మీ.

ఈ వారం నుంచి అసలు సాధన మొదలు. ఆదివారం 17 కి.మీ., అందులో మొదటి 13 నెమ్మదిగా, చివరి 4 పోటీ వేగంతో. కాళ్లు అలిసిన తరువాతే వేగం పెంచడం అలవాటు చేసుకోవాలి. 13వ కిలోమీటరు పూర్తి కాగానే అక్క సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టాలి, అక్కడి నుంచి నేను వేగం పెంచాలి. ఒప్పందం అది.

బెల్లు మోగింది. 5:39. తరువాతిది 5:44. మూడోది 5:58. నాలుగోదానిలో సగం దూరం వెళ్లి ఆగిపోయాను. కాళ్లలో నొప్పి లేదు, ఊపిరీ ఆడుతోంది. కానీ ఎవరో దీపం వత్తి తగ్గించినట్లు శక్తి పోయింది. అక్క సైకిల్ స్టాండు వేసి, ఏమీ అనకుండా సీసా మూత తీసి ఇచ్చింది. గట్టు మీద కూర్చున్నాం. పోయిన సీజన్‌లో 16వ కిలోమీటరు దగ్గర నాకు కలిగింది సరిగ్గా ఇదే. అదే బరువు, అదే ఖాళీ. పోటీకి ముందే ఇది మళ్లీ ఎదురైనందుకు నిజంగా సంతోషించాను. ఇక దాని మీద పనిచేయవచ్చు.

"పొద్దున ఏమైనా తిన్నావా?" అని అక్క అడిగింది. తినలేదు. ముందు రాత్రి కూడా తొందరగా, తక్కువే తిన్నాను. దారిలో నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు.

10వ వారం, 44 కి.మీ.

తిండి మీద పని. గంట దాటి రెండున్నర గంటల లోపు సాగే శ్రమకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలన్నది క్రీడా పోషణలో అందరూ ఒప్పుకునే సూచన. పరుగులో మింగడానికి నేను వాడే చిక్కని పంచదార జెల్ ఒక్కో పొట్లంలో 22 గ్రాములున్నాయి. మొదలుపెట్టే ముందు ఒకటి, 40వ నిమిషంలో ఒకటి, 80వ నిమిషంలో ఒకటి అని నిర్ణయించుకున్నాను. పరుగుకు రెండున్నర గంటల ముందు ఒక అరటిపండు, రెండు బ్రెడ్ ముక్కలు.

మొదటి ప్రయత్నంలో రెండు ఇబ్బందులు వచ్చాయి. చెమట పట్టిన వేళ్లకు పొట్లం మూల చిరగలేదు, పళ్లతో లాగితే సగం జెల్ మణికట్టు మీద కారి వాచీ బటన్ల మధ్యకు పోయింది. ఇప్పుడు ఇంటి దగ్గరే గాటు ఉన్న చోట కొద్దిగా చింపి, మడిచి, జేబులో పెట్టుకుంటున్నాను. రెండోది, నీళ్లు లేకుండా మింగితే కడుపులో బండలా కూర్చుంది. అంత చిక్కని పంచదార పలచబడితే తప్ప పేగు దాన్ని తొందరగా పీల్చుకోలేదు. అందుకని నీళ్ల బల్ల కనిపించడానికి వంద మీటర్ల ముందు జెల్, బల్ల దగ్గర రెండు గుక్కలు. అంతకంటే ఎక్కువ తాగడం లేదు. దాహానికి మించి నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడే ప్రమాదం ఉంది, అది నీరు తగ్గడం కంటే ప్రమాదకరం కావచ్చు.

ఆదివారం 18 కి.మీ., చివరి 4 పోటీ వేగంతో: 5:38, 5:40, 5:37, 5:36. ఎక్కడా ఆగలేదు.

11వ వారం, 48 కి.మీ.

అన్నిటికంటే పెద్ద వారం. గురువారం పాత దారిలో, 148 గుండె వేగంతో: 6:31. మూడో వారంలో 7:02. ఎర్ర సిరాతో పక్కనే రాశాను.

ఆదివారం 20 కి.మీ., చివరి 6 పోటీ వేగంతో. బెల్లు 14 దగ్గర మోగింది. రెండు కిలోమీటర్లు గడిచాక, అంటే 16 దగ్గర, ఎప్పుడూ వచ్చే ఆ బరువు కోసం ఎదురుచూశాను. వచ్చింది, కానీ చిన్నగా. చేతులు బిగుసుకుంటున్నాయని గమనించి వేళ్లు వదులు చేశాను, భుజాలు దించాను. అడుగు పొడవు పెంచకుండా అడుగుల సంఖ్య పెంచాను. అలసినప్పుడు కాలు ముందుకు చాచి వేసే అలవాటు నాకుంది, చాచిన ప్రతి అడుగూ బ్రేకు లాంటిది. ఆరు కిలోమీటర్ల సగటు 5:36. ఆగాక సైకిల్ హ్యాండిల్ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. అక్క కళ్లు తుడుచుకుంది, గాలికి అంది.

టెండన్: ఉదయం రెండు అడుగులు.

12వ వారం, 40 కి.మీ.

ఒక లెక్క సరిచూసుకోవాల్సి వచ్చింది. రెండు గంటలకు 5:41 అన్నది 21.0975 కిలోమీటర్లకు. కానీ పోటీలో నా వాచీ ఎప్పుడూ అంత దూరమే చూపించలేదు, పోయినసారి 21.3 చూపించింది. కోర్సును కొలిచేవారు క్రమాంకనం చేసిన సైకిల్‌తో, ముందు చక్రానికి దాని తిరుగుళ్లను లెక్కించే జోన్స్ కౌంటర్ బిగించి, మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, పరుగెత్తగలిగిన అతి దగ్గరి దారిలో కొలుస్తారు. పైగా కోర్సు పొరపాటున కూడా తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. గుంపులో మనం మలుపులన్నీ లోపలి అంచు నుంచి తీసుకోలేం. జీపీఎస్ పొరపాట్లు వీటికి అదనం. వాచీ 21.3 చూపించేటట్లయితే, రెండు గంటల లోపు రావాలంటే వాచీ వేగం 5:38 ఉండాలి. మూడు సెకన్లే. ఆ మూడు సెకన్లను పట్టించుకోకపోతే చివర్లో నిమిషం దాకా తేడా వస్తుంది.

అందుకని వాచీ తన లెక్కన తానే కిలోమీటర్లు నమోదు చేసే ఆటోమేటిక్ ల్యాప్ తీసేశాను. ప్రతి బోర్డు దగ్గర నేనే నొక్కుతాను. మలుపు కనిపించగానే అటువైపు అంచుకు ఏటవాలుగా వెళ్లడం ఈ వారం పరుగులన్నిటిలో అభ్యాసం చేశాను.

13వ వారం, 28 కి.మీ.

దూరం తగ్గించాను, వేగం తగ్గించలేదు. మంగళవారం 5:38లో 2 కి.మీ. చొప్పున మూడుసార్లు, అంతే. పోటీకి ముందు రెండు వారాల్లో దూరాన్ని 40 నుంచి 60 శాతం తగ్గించి, తీవ్రతను అలాగే ఉంచడం మంచిదని అధ్యయనాలు చెబుతున్నాయి. బరువు దాదాపు కిలో పెరిగింది. ఒక గ్రాము గ్లైకోజన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీరు కూడా నిల్వ అవుతుంది కాబట్టి అది మంచి సూచనే.

కాళ్లు ఊరుకోవడం లేదు. మెట్లు కనిపిస్తే పరుగెత్తాలనిపిస్తోంది.

14వ వారం, పోటీ రోజు

తెల్లవారకముందే లేచాను. కుడి కాలు ముందు పెట్టి మంచం దిగాను. ఏ బిగుతూ లేదు.

ప్రారంభ రేఖ దగ్గర రెండు గంటల జెండా పట్టుకున్న పేసర్ నాకు చాలా ముందున్నాడు. గుంపు కదిలి నేను చిప్ సమయం నమోదు చేసే మ్యాటు దాటేసరికి ఆయన వెళ్లి 35 సెకన్లయింది. దాదాపు వంద మీటర్లు. మొదటి కిలోమీటరులో మోచేతులు తగిలేంత గుంపు. 5:55. పద్నాలుగు సెకన్లు వెనక! సందుల్లోంచి దూసుకుపోవాలని కాళ్లు తొందరపెట్టాయి. పోయినసారి నేను చేసింది అదే. ఈసారి ఆ పద్నాలుగు సెకన్లను మిగిలిన 20 కిలోమీటర్లకు పంచేసుకున్నాను, కిలోమీటరుకు ఒక సెకను కూడా పడదు. 5:44, 5:40, 5:38.

7వ కిలోమీటరు దగ్గర 40 నిమిషాలు కావస్తుండగా జెల్, రెండు గుక్కల నీళ్లు. 10 దగ్గర 56:50. అందరూ నన్ను దాటిపోతున్నట్లే ఉంది, జెండా అంత దూరంలోనే ఉంది. కానీ ఊపిరి ఇంకా మూడు అడుగులకు ఒకటిగానే ఆడుతోంది. దాన్నే నమ్ముకున్నాను. 13లో ఎత్తు, గుండె వేగం 173కి పోయింది, అక్కడ వేగం వదిలి శ్రమను సమంగా ఉంచాను. దిగేటప్పుడు పోయిన సెకన్లు తిరిగి వచ్చాయి. 14 దాటాక రెండో జెల్. 10 నుంచి 16 వరకు 33:54.

16వ బోర్డు ఇంకా కనిపించలేదు, శబ్దం ముందు వినిపించింది. సైకిల్ బెల్లు, రెండుసార్లు. అక్క సైకిల్‌తో సహా అక్కడ నిలబడి ఉంది.

అక్కడి నుంచి నా ల్యాప్‌లు: 5:37, 5:33, 5:36, 5:29, 5:24. చివరి 97.5 మీటర్లకు 29 సెకన్లు. 18 దాటిన కాసేపటికి జెండా పక్కకు వచ్చాను, ఆ గుంపులో కొందరి ముఖాల్లో పోయినేటి నా ముఖం కనిపించింది. "రండి, కలిసి వెళదాం" అని ఒకరితో అన్నాను. ఆయన తల ఊపి నాలుగడుగులు వేశారు. 19లో మళ్లీ చిన్న ఎత్తు. 20 తరువాత కాళ్లు నావి కానట్లున్నాయి, తొడల్లో మంట, నోరు ఎండిపోయింది. వేళ్లు వదులు, భుజాలు కిందికి, అడుగులు చిన్నవిగా. ముగింపు తోరణం మీది గడియారం తుపాకీ మోగినప్పటి నుంచి లెక్కిస్తుంది కాబట్టి దానివైపు చూడలేదు. మ్యాటు దాటాక వాచీ నొక్కి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాను. చెమట కళ్లలోకి కారి అంకెలు కనిపించలేదు. తుడుచుకుని చూశాను.

మ్యాటు నుంచి మ్యాటుకు, చిప్ సమయం 1:58:52.

మర్నాడు

నోటుపుస్తకంలో రెండు పోటీలనూ పక్కపక్కన రాశాను.

మొదటి 10 కి.మీ.: 57:10, ఇప్పుడు 56:50. 20 సెకన్లు తగ్గింది.
10 నుంచి 16: 36:00, ఇప్పుడు 33:54. 2 నిమిషాల 6 సెకన్లు.
చివరి 5.0975: 33:38, ఇప్పుడు 28:08. 5 నిమిషాల 30 సెకన్లు.

14 వారాల తరువాత కూడా మొదటి 10 కిలోమీటర్లు దాదాపు పాత సమయానికే వచ్చాయి. ఈ పేజీని అక్కకు చూపించాను. చాలాసేపు చూసి, మూడో వరుస కింద తన పెన్నుతో గీత గీసింది.

మెట్లు దిగేటప్పుడు రైలింగ్ పట్టుకోవాల్సి వస్తోంది, తొడల ముందు భాగం అంతా నొప్పి. టెండన్ దగ్గర మాత్రం ఏమీ లేదు. నాలుగు రోజులు పరుగు లేదు, ఆ తరువాత 5 కి.మీ., 150 అలారంతో. మెట్టు మీద వ్యాయామం 12 వారాల్లో ఎనిమిది పూర్తయ్యాయి, ఇంకా నాలుగు ఉన్నాయి. కాళ్ల నొప్పి తగ్గగానే, ఎల్లుండి ఉదయం నుంచి మళ్లీ 180.